వానాకాలం అడవిలో వాకీటాకీ ఎందుకు మొరాయిస్తుంది?

తెలంగాణలోని చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లోకి వెళ్లే కూంబింగ్ దళాలకు వాకీటాకీయే దిక్కు. దాని తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. గుట్ట అడ్డొస్తే మాట ఆగుతుంది. పైగా భూమి గుండ్రం కదా! 1.5 మీటర్ల ఎత్తున పట్టుకున్న సెట్టుకు రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లే. 100 మీటర్ల గుట్టమీద రిపీటర్ (మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేసే సెట్టు) పెడితే అదే 40 దాటుతుంది.

మరి వాన? ఇలాంటి సెట్లు వాడే 150 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 2 మీటర్లు. చినుకులు దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. అసలు చిక్కు తడిసిన ఆకులతోనే. వాటి నీరు తరంగాల శక్తిని తాగేస్తుంది. అందుకే వెదురు పొదల్లోంచి కాక, తెరపి ఉన్న గోదావరి ఒడ్డుకొచ్చి మాట్లాడటం మేలు.

యాంటెన్నా కనెక్టర్‌లో చేరే చెమ్మ మరీ ప్రమాదం. సెట్టు వెలుగుతూనే ఉంటుంది, మాట మాత్రం సరిగా బయటికి పోదు. అక్కడ నీరు చొరకుండా టేపు చుట్టడం చిన్న పనే, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.