వేరుశెనగా, పల్లీలా, బుడ్డలా? గేమ్ ఆడుతూ ఏఐకి తెలుగు నేర్పితే ఏమవుతుందో చూశాం!

మొన్న సంక్రాంతికి గన్నవరంలో మా పిన్ని వాళ్లింట్లో అందరం పోగయ్యాం. భోగి రోజు మధ్యాహ్నం, పైన ఎయిర్‌పోర్టుకి దిగే విమానం మోత, కింద అరిసెల వాసన. మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వాడొచ్చి, "అన్నయ్యా, ఎప్పుడూ ఫోన్ల కెమెరాలూ బ్యాటరీలూ రివ్యూ చేయడమేనా? ఒక గేమ్ ఆడదాం రా. యాప్ అక్కర్లేదు, రెండు ఫోన్లు చాలు" అన్నాడు.

రూల్స్ సింపుల్. ఇద్దరు ప్లేయర్లు వేర్వేరు గదుల్లో కూర్చోవాలి. మాట్లాడుకోకూడదు. నేను సర్వర్ అన్నమాట. ఒకే ఫొటో ఇద్దరికీ వాట్సాప్‌లో పంపుతాను. ఫొటోలో ఏముందో టకటకా టైప్ చేయాలి. ఇద్దరి మాటా ఒకటైతే పాయింట్, వెంటనే నెక్స్ట్ ఫొటో. అవతలివాడు ఏం రాస్తాడో ఊహించి రాయడమే ఆటలో మజా.

మొదటి రెండు ఫొటోలు, కుక్క, కొబ్బరిచెట్టు. క్షణంలో కలిశాయి. మూడోది ఒక గంపెడు వేరుశెనక్కాయలు. కర్నూలు నుంచి వచ్చిన అత్తయ్య 'బుడ్డలు' అని కొట్టింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా బావ 'పల్లీలు' అన్నాడు. ఆ తర్వాత ఆమె 'కాయలు' అంది, ఆయన 'గంప' అన్నాడు. టైమ్ అయిపోయింది. వంటింట్లోంచి పిన్ని వచ్చి నా ఫోన్‌లోకి తొంగిచూసి, "వేరుశెనక్కాయలు కదర్రా, ఇందులో అంత ఆలోచించడానికేముంది?" అంది. ముగ్గురూ కరెక్టే. స్కోరు మాత్రం సున్నా.

ఈ సున్నా గురించే ఈ ఆర్టికల్.

ఆట పాతదే, ఐడియా మాత్రం పెద్దది

మేం ఆడింది మా తమ్ముడు కనిపెట్టింది కాదు. అసలు పేరు ఈఎస్‌పీ గేమ్. 2003లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లూయీ ఫాన్ ఆన్ అనే స్టూడెంట్ దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత రీక్యాప్చా, డుయోలింగో తెచ్చింది కూడా ఈయనే. అప్పటి కంప్యూటర్లకు ఫొటో చూపిస్తే అది పిల్లో పిల్లాడో తెలిసేది కాదు. లక్షల ఫొటోలకు పేర్లు రాయాలంటే మనుషులు కావాలి, మనుషులకు జీతాలివ్వాలి. ఈయన ఆలోచన ఏంటంటే, ఆ పనినే ఆటగా మార్చేస్తే జనం ఫ్రీగా, పైగా ఇష్టంగా చేస్తారు కదా అని. నాలుగు నెలల్లో 13,630 మంది ఆడి 12 లక్షలకు పైగా లేబుళ్లు ఇచ్చేశారు. 2006లో గూగుల్ ఇదే ఆటను లైసెన్స్ తీసుకుని గూగుల్ ఇమేజ్ లేబులర్‌గా దింపింది. 2011లో మూసేసింది.

దీన్నే హ్యూమన్ కంప్యుటేషన్ అంటారు. మెషీన్‌కు చేతకాని లెక్కను మనిషి బుర్ర చేత చేయించుకోవడం అన్నమాట. కార్నెగీ మెలన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు 1991 నుంచి 1999 వరకు కంప్యూటర్ సైన్స్ డీన్‌గా ఉన్నది ఆ యూనివర్సిటీలోనే. కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంటే ముందు వచ్చిన డీప్ థాట్ అనే చెస్ మెషీన్ కూడా అక్కడి విద్యార్థులు చేసిందే. ఆటలూ ఏఐ కలిసి పెరిగిన ఇల్లు అది.

గేమర్లకు వెంటనే వచ్చే డౌటు, చీటింగ్ చేస్తే? ఇద్దరు ఫ్రెండ్స్ మాట్లాడుకుని ప్రతి ఫొటోకీ 'అ' అని కొడితే? అందుకే పార్ట్‌నర్‌ను ర్యాండమ్‌గా ఇస్తారు. మధ్యలో ముందే జవాబు తెలిసిన ఫొటోలు వేసి టెస్ట్ చేస్తారు. ఒక జంట చెప్పినంత మాత్రాన ఏ లేబులూ ఖాయం కాదు, వేరే జంటలు కూడా అదే అనాలి. ఇంకో తెలివైన ఏర్పాటు ఉంది. ఒక ఫొటోకు ఒకసారి ఖాయమైన మాట తర్వాత వచ్చే ప్లేయర్లకు నిషేధం. అంటే 'బస్సు' అని అందరూ ఒప్పుకున్నాక ఇంకెవరూ బస్సు అనకూడదు.

ఈ నిషేధం రూల్ మేం రెండో రౌండ్‌లో పెట్టాం. అప్పుడే అసలు తెలుగు బయటికొచ్చింది. ఏలూరు రోడ్డు మీద తీసిన ఆర్టీసీ బస్సు ఫొటోకు మా తమ్ముడూ బాబాయీ ఇద్దరూ ఒకేసారి 'పల్లెవెలుగు' అని కొట్టారు. స్టీలు డబ్బా ఫొటోకు మొదటి రౌండ్‌లో 'టిఫిన్ బాక్స్', రెండో రౌండ్‌లో 'క్యారేజీ'. ఏ ఇంగ్లీష్ డేటాసెట్‌ను అనువాదం చేసినా ఈ రెండు మాటలూ దొరకవు.

చెస్‌కు మనం అక్కర్లేదు. మరి తెలుగుకో?

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. ఇప్పుడు ఏఐ ఇంత పెరిగింది కదా, ఇంకా మనుషులు ఆడి నేర్పడమెందుకు అని. 2016లో లీ సెడోల్‌ను 4-1తో ఓడించిన ఆల్ఫాగో ముందు మనుషుల గో ఆటలు చూసి నేర్చుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్ఫాగో జీరోకు మనుషుల ఆటలే ఇవ్వలేదు. తనతో తానే ఆడుకుని పాతదాన్ని ఓడించింది. ఆల్ఫాజీరో చెస్‌ను కొన్ని గంటల్లో పట్టేసింది. గుడివాడలో పుట్టి, 2019లో ఒకసారి, 2024లో మరోసారి వరల్డ్ ర్యాపిడ్ టైటిల్ గెలిచిన మన కోనేరు హంపి తరం ఆటగాళ్లందరూ ఇప్పుడు ఇంజన్ ముందు కూర్చునే ప్రిపేర్ అవుతారు. అక్కడ టీచర్ ఎవరో స్టూడెంట్ ఎవరో తారుమారైపోయింది.

కానీ చెస్‌కు రూల్స్ ఉన్నాయి. గెలుపేదో ఓటమేదో బోర్డే చెబుతుంది. వేరుశెనగను కర్నూల్లో ఏమంటారో మెషీన్ తనతో తాను కోటిసార్లు ఆడుకున్నా తెలియదు. ఎవరో ఒక మనిషి చెప్పాలి. చెప్పినదాన్ని ఎక్కడో రాసుకోవాలి. తెలుగు మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నా, నెట్‌లో రాసినది మాత్రం ఇంగ్లీష్ ముందు ఏ మూలకూ రాదు. ఉన్నదాంట్లో ఎక్కువ పేపర్ల భాష, సినిమా వార్తలు. మా అత్తయ్య భాష అందులో లేదు.

తెలుగు కోసం కూడా ఒక గేమ్ వచ్చింది, తెలుసా?

ఇది నాకు ఈ ఆర్టికల్ కోసం వెతుకుతుంటే దొరికిన అసలు విశేషం. 2010 ప్రాంతంలో కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ అనే పరిశోధకులు భారతీయ భాషలకు సెంటివర్డ్‌నెట్ తయారు చేశారు. ఏ మాట పాజిటివ్, ఏది నెగెటివ్ అని చెప్పే నిఘంటువు లాంటిది. వాళ్లు తీసుకున్న మూడు భాషలు బెంగాలీ, హిందీ, తెలుగు. డిక్షనరీలతో, కార్పస్‌తో చేసిన పనికి తోడు ఒక ఆన్‌లైన్ గేమ్ కూడా పెట్టారు. పేరు డాక్టర్ సెంటిమెంట్. ఒక బొమ్మ చూపించి నీకేమనిపిస్తోంది అని అడుగుతుంది. కొన్ని మాటలిచ్చి ఏది నచ్చింది అంటుంది. ఆడేముందు వయసు, ఊరు లాంటి వివరాలు తీసుకుంటుంది. ఎందుకంటే ఒకే మాట ఒకరికి తీపి, ఇంకొకరికి చేదు కావచ్చు.

వయసు అడగడం ఎంత కరెక్టో మన బెజవాడ కుర్రాళ్లకు చెప్పక్కర్లేదు. 'సినిమా అరాచకం భయ్యా' అని ఎవరైనా ట్వీట్ వేస్తే మా నాన్న ఆ సినిమా టికెట్ క్యాన్సిల్ చేయమంటారు. మేమైతే ఫస్ట్ షోకి వెళ్తాం. 'చంపేశాడు', 'కుమ్మేశాడు', 'పిచ్చి కొట్టుడు' ఇవన్నీ పొగడ్తలే. డిక్షనరీ నమ్ముకున్న మెషీన్‌కు మాత్రం ఇవన్నీ పోలీస్ స్టేషన్ కంప్లయింట్లలా కనిపిస్తాయి. ఇదే పని పదిహేనేళ్ల కిందట ఒక చిన్న రీసెర్చ్ టీమ్, బెంగాలీవాళ్లు, తెలుగుకు కూడా చేసి పెట్టారంటే నాకైతే కాస్త సిగ్గేసింది. మనం అప్పుడు ఫోన్‌లో స్నేక్ ఆడుతున్నాం.

తర్వాత మనవాళ్లూ కదిలారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ 2023లో వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులను కూర్చోబెట్టి తెలుగు కథల పేజీలను సరిచేయించి డేటాసెట్ చేయించింది. ఆ డేటాతో వచ్చిన మోడల్‌కు చందమామ కథలు అని పేరు పెట్టారు. కేంద్రం 2022లో తెచ్చిన భాషిణిలో భాషాదాన్ అనే విభాగం ఉంది. విన్నది రాయడం, రాసినది చదవడం, అనువాదం, బొమ్మలోని అక్షరాలు గుర్తించడం, ఇలా నాలుగు రకాలు. బ్యాడ్జీలు కూడా ఇస్తారు. మొజిల్లా కామన్ వాయిస్‌లోనూ తెలుగు ఉంది. ఇవన్నీ మంచివే. ఒక్కటే కంప్లయింట్, ఇవి గేమ్‌లు కావు. హోంవర్క్‌కు బ్యాడ్జీ అతికిస్తే గేమ్ అయిపోదు. ఈఎస్‌పీ గేమ్‌లో అవతల ఒక మనిషి ఉన్నాడు, వాడి బుర్రలో ఏముందో పట్టుకోవాలి అనే తపన ఉంది. అందుకే జనం వదల్లేదు.

మరి లాభం ఎవరికి?

ఇక్కడికొచ్చేసరికి మా బావ గేమ్ ఆపేసి ఒక ప్రశ్న వేశాడు. "మనం ఆడతాం సరే, ఆ డేటా ఎవడిది?"

కరెక్ట్ ప్రశ్న. పోకెమాన్ గో గుర్తుందిగా? 2016 డిసెంబర్‌లో జియోతో కలిసి మన దేశానికి వచ్చింది. అందులో పోకెస్టాప్‌లను ఫోన్ కెమెరాతో స్కాన్ చేసే ఆప్షన్ తర్వాత పెట్టారు. 2024 నవంబర్‌లో నియాంటిక్ కంపెనీ, ప్లేయర్లు ఇచ్చిన అలాంటి స్కాన్‌లతో ప్రపంచాన్ని అర్థం చేసుకునే పెద్ద జియోస్పేషియల్ మోడల్ కడుతున్నామని చెప్పింది. ఊరికే నడుస్తూ ఆడితే అది ట్రైనింగ్‌కు పోదు, స్కాన్ ఆప్షనల్ అని వివరణ కూడా ఇచ్చింది. 2025 మార్చిలో గేమ్‌ల వ్యాపారాన్ని స్కోప్లీకి 350 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించి, మ్యాపింగ్ టెక్నాలజీని మాత్రం వేరే కంపెనీగా తనవైపే పెట్టుకుంది. ఏది ఉంచుకున్నారో చూస్తే ఏది విలువైనదో మనకే అర్థమవుతుంది.

ఇంకోవైపు ఫోల్డిట్ ఉంది. 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు తెచ్చిన ప్రోటీన్ మడతల పజిల్ గేమ్. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఒక వైరస్‌లోని ఎంజైమ్ రూపం ఏళ్ల తరబడి సైంటిస్టులకు చిక్కలేదు. ఈ ప్లేయర్లు మూడు వారాల్లోపే దారి చూపించారు. 2011లో పేపర్ వచ్చింది. అంతకుముందు ఏడాది నేచర్ పత్రికలో వచ్చిన పేపర్‌లో అయితే రచయితల జాబితాలో ఫోల్డిట్ ప్లేయర్స్ అని వేశారు. ఆ గేమ్ వెనకున్న డేవిడ్ బేకర్‌కు, ఆల్ఫాఫోల్డ్ చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. హసాబిస్ కూడా చిన్నప్పుడు చెస్ ప్లేయర్, తర్వాత గేమ్ డెవలపర్. ఒకచోట ఆడినవాడి పేరు పేపర్ మీదకెక్కింది, ఇంకోచోట వాడు తీసిన స్కాన్ కంపెనీ ఆస్తిలో కలిసిపోయింది. ఆట ఒకటే, లైసెన్స్ వేరు.

నా అనుభవం ఒకటి. రెండేళ్ల కిందట ఒక యాప్‌లో (పేరు వద్దులెండి) మా నాన్నమ్మ చేత ఓపిగ్గా గంటసేపు తెలుగు వాక్యాలు చదివించి అప్‌లోడ్ చేశాను. సగానికి పైగా రిజెక్ట్. కారణం, ఉచ్చారణ సరిగా లేదట! ఎనభై ఏళ్లుగా దివిసీమలో తెలుగు మాట్లాడుతున్న మనిషి ఉచ్చారణ. చెక్ చేసినవాళ్లు తమలా మాట్లాడితేనే కరెక్ట్ అనుకున్నారు. మా గేమ్‌లో పల్లీలకూ బుడ్డలకూ సున్నా వచ్చింది కూడా సరిగ్గా ఈ కారణానికే. ఇద్దరూ ఒప్పుకుంటేనే నిజం అనే రూల్ పెడితే ఎక్కువమంది మాట గెలుస్తుంది, తక్కువమంది మాట డేటాలోకే రాదు. ఇంగ్లీష్‌లో ఇది చిన్న సమస్య. జిల్లాకో కూరగాయ పేరు మారే తెలుగులో పెద్దదే. సొరకాయ, ఆనపకాయ గొడవ మేం మొదలే పెట్టలేదు.

సాయంత్రానికి మా తమ్ముడు రూల్ మార్చాడు. ఒకే ఊరివాళ్లు కలిస్తే ఒక పాయింట్. వేరే జిల్లావాళ్లు ఏమంటారో ఊహించి కరెక్ట్‌గా కొడితే మూడు పాయింట్లు. అంటే బావ 'బుడ్డలు' అని రాయాలి, అత్తయ్య 'పల్లీలు' అని రాయాలి. ఆ దెబ్బతో ఆట స్వరూపమే మారిపోయింది. అత్తయ్య ప్రతి ఫొటోకూ, "మీ తెలంగాణోళ్లు దీన్నేమంటారో నాకు తెలుసులే" అంటూ టైప్ చేయడం, పక్క గదిలోంచి బావ నవ్వడం. రాత్రి తొమ్మిదింటికి పిన్ని వచ్చి భోజనాలకు లేపేదాకా ఎవరూ ఫోన్ వదల్లేదు.

వాడిప్పుడు దాన్ని ఆండ్రాయిడ్ యాప్‌గా రాస్తున్నాడు. మొదటి బిల్డ్ నా ఫోన్‌లో ఉంది. తెలుగు కీబోర్డ్ తెరవగానే క్రాష్ అవుతోంది, అది వేరే కథ. టైపింగ్ ఇంకో తలనొప్పి. దోశ, దోసె, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టిన దోసా, ఇవన్నీ ఒకటే అని సర్వర్‌కు ఎవరు చెప్పాలి? 'అట్టు' అన్నవాడికి పాయింట్ ఇవ్వాలా వద్దా అని నిన్న ఫోన్‌లో గంట వాదించుకున్నాం. డేటాను కామన్ వాయిస్‌లాగా అందరికీ ఉచితంగా వదిలేస్తానంటాడు వాడు. కనీసం కంపెనీలు వాడుకుంటే ఆడినవాళ్ల ఊరి పేరైనా వేయాలని నేను. ఇంకా తేలలేదు. టెస్టింగ్‌కు శ్రీకాకుళం నుంచీ అనంతపురం నుంచీ మనుషులు కావాలట. కామెంట్లలో మీ జిల్లా, వేరుశెనగకు మీ ఊళ్లో వాడే పేరు రాయండి, వాడికి పంపిస్తాను.