అగ్నిగోళమా? తోడేళ్ల మందా?

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో పెద్ద తగవు వచ్చింది. ఆస్తి తగవు కాదు సుమండీ, తోడేళ్ల తగవు.

మా పిల్లలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట మరిగారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఏం చేస్తారో నోటితో చెప్పి, పాచికలు వేసి ఫలితం తేల్చుకుంటారు.

మా పెద్దవాడు మాంత్రికుడు. వాడి ‘ఫైర్‌బాల్’ 150 అడుగుల దూరంలో కోరినచోట పేలి, చుట్టూ 20 అడుగుల మేర మాడ్చేస్తుంది. ఎనిమిది పాచికల దెబ్బ, సగటున 28. తప్పుకున్నవాడికీ సగం తప్పదు. కాని దానికి తన పర భేదం లేదు. మధ్యలో తమ్ముడున్నా కాలుస్తుంది.

అమ్మాయిది డ్రూయిడ్ పాత్ర, అంటే వన దేవతల ఉపాసకురాలనుకోండి. 2014 నాటి నియమాల ప్రకారం అదే స్థాయి మంత్రంతో ఎనిమిది చిన్న మృగాలను రప్పించవచ్చు. కథ నడిపేవారు ఒప్పుకుంటే అవి తోడేళ్లు. ఒక్కో కాటు సగటున 7. ఒకే శత్రువు మీద సగం కాట్లు తగిలినా 28 అయింది! పైగా గంటసేపు ఉంటాయి. అయితే ఆమె ఏకాగ్రత చెదరకూడదు. దెబ్బ తగిలి, పాచిక ఎదురు తిరిగిందా, మంద మాయం. ఒక్కో తోడేలుకు ప్రాణం 11 అంకెలే గనుక, ఎదుటివాడి ఫైర్‌బాల్ ఒక్కటి చాలు, సగం తగిలినా బూడిదే.

మన కథల్లోనూ ఇంతే కదా! అస్త్రం వదిలితే పని ముగిసింది. భేతాళుణ్ణి పిలిస్తే పని చెబుతూనే ఉండాలి.

శత్రువు ఒక్కడైతే తోడేళ్లు, గుంపైతే అగ్ని అని నేను తీర్పు చెప్పాను. ఎవరూ వినలేదు. అసలు తగవు అది కాదట. మంద కలిసి మీద పడితే ఒక్కో కాటుకు రెండు పాచికలు వేయాలి. ఎనిమిదింటికి పదహారు! అక్క అవన్నీ వేసి లెక్క తేల్చేసరికి, కత్తివీరుడైన మా చిన్నవాడు బల్ల మీద తల ఆన్చి నిద్రపోయాడు.

2024లో వచ్చిన కొత్త పుస్తకంలో ఈ చిక్కు తీసేశారు. విడివిడి మృగాలు లేవు, నీడవంటి మంద ఒక్కటే. పెద్దవాడు అదే ఆడదామన్నాడు.

“నా తోడేళ్లకు పేర్లు పెట్టుకున్నాను నాన్నా!” అంది అమ్మాయి. కళ్లలో నీళ్లు.

చిన్నవాడు లేచి కూర్చున్నాడు. “నాలుగింటి పాచికలు నేను వేస్తాను. వాటి పేర్లు చెప్పు.”