ఇల్లాలి పాట: లొరెట్టా లిన్ చరిత్రము

సంసారభారమును మోయుచు సంగీతమును జీవనోపాధిగా జేసికొనుట సాధ్యమగునా యను ప్రశ్న క్రొత్తది కాదు. పాటతో బ్రదుకువారికి ఊరూర తిరుగుట తప్పదు. బిడ్డలను పెంచువారు ఇంటిపట్టున నుండక తప్పదు. ఈ రెంటికిని పొత్తు కుదురుట కష్టము. కుదిర్చినవా రెట్లు కుదిర్చిరి, అందులకు వారు చెల్లించిన మూల్యమేమి, వారి పాటవలన వచ్చిన ధనమెవరి చేతికి పోయినది అను విషయములను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని యొక పల్లెటూరి ఇల్లాలి చరిత్రము నాధారముగా గొని వివరింపదలచితిని. ఆమె పేరు లొరెట్టా లిన్. 1932లో పుట్టి, 2022లో గతించినది. ఆరుగురు బిడ్డల తల్లి. తన పాటలను తానే కట్టి తానే పాడిన గాయని.

ముందుగా ఆమె పాడిన సంగీతమెట్టిదో కొంత చెప్పవలెను. అమెరికా తూర్పు భాగమున అపలేచియను పర్వతపంక్తి కలదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వలసవచ్చిన రైతులు ఆ కొండలోయలలో స్థిరపడి, తమ తాతముత్తాతల కథాగేయములను ఫిడేలు వాద్యముతో పాడుకొనుచుండిరి. ఆఫ్రికానుండి బానిసలుగా గొనిరాబడిన వారి సంప్రదాయమునుండి బాంజో యను తంత్రీవాద్యము వారికి లభించెను. తరువాత గిటారు చేరినది. ఈ కూడికనుండి పుట్టిన జానపద సంగీతమునకే 'కంట్రీ' సంగీతమని పేరు. పొలము, గని, రైలుబండి, తల్లి, త్రాగుడు, చావు, దైవభక్తి – ఇవి దాని వస్తువులు. దంపుళ్ళవేళ మన స్త్రీలు తమ కష్టసుఖములను పాటలో పెట్టుకొనునట్లే ఆ కొండవారును పెట్టుకొనిరి.

ఆ పాట గ్రామఫోను ప్లేట్ల కెక్కి సొమ్ముగా మారుట 1920 తరువాతి మాట. 1927 జులై 31వ తేదీన బ్రిస్టల్ అను పట్టణమునకు వర్జీనియా కొండలలోనుండి ఒక కుటుంబము పాత మోటారుబండిలో వచ్చినది. ఏ. పీ. కార్టరు, అతని భార్య సారా, సారాకు పినతల్లి పెద్దతల్లి బిడ్డల వరుసలో చెల్లెలగు మేబెల్. సారా చంకలో పాలు మానని పసివాడు. పదునెనిమిదేండ్ల మేబెల్ నిండు గర్భిణి. పాటలు సేకరించుటకై న్యూయార్కునుండి వచ్చిన రాల్ఫ్ పీర్ అను నతని యెదుట తరువాతి రెండుదినములలో వారు ఆరు పాటలు పాడిరి. పాటకు ఏబది డాలర్ల చొప్పున ముట్టినది. అది వారి కప్పుడు పెద్దమొత్తమే. కాని పాటల ప్రచురణ హక్కులలో పీరునకు భాగముండెను. అతని స్థిరమైన సంపద ఆ హక్కులనుండియే పెరిగినది. ఈ విషయమును జ్ఞాపకముంచుకొన గోరెదను. లొరెట్టా చరిత్రములో ఇదియే మరల కనబడును.

కెంటకీ రాష్ట్రమునందు బుచర్ హాలో యను లోయలో 1932 ఏప్రిల్ 14వ తేదీన లొరెట్టా జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో రెండవది. తండ్రి నేలబొగ్గు గనిలో కూలి. తల్లి యింటిపని చూచుకొనుచుండెడిది. ఇంట రేడియో యుండెను. శనివారము రాత్రి నాష్విల్ నగరపు డబ్ల్యు. ఎస్. ఎం. రేడియో కేంద్రమునుండి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' యను సంగీతసభ ప్రసారమగును. 1925లో ఆరంభమైన ఆ సభ నేటికిని సాగుచున్నది. కొండలోయలలోని పేదవారికి పెద్ద గాయకుల కంఠములను వినిపించిన దదియే.

1948 జనవరిలో, పదునైదేండ్లకే, ఆలివర్ లిన్ అను యువకునితో ఆమెకు వివాహమైనది. పదుమూడేండ్లకే పెండ్లియైనదని చాలకాలము లోకము నమ్మెను. 2012లో పాత దస్తావేజులు బయటపడిన తరువాత సరియైన వయస్సు తెలిసినది. పెండ్లియైన యేడాదిలోనే దంపతులు దేశమునకు రెండవ యంచున, వాషింగ్టన్ రాష్ట్రములోని కస్టర్ అను పల్లెకు వలసపోయిరి. భర్త కలప కొట్టించు పనులలో చేరెను. లొరెట్టా యొక కమతమున ఇంటిపని, వంటపని చేయుచు, స్ట్రాబెర్రీ పండ్లు కోసి కూలి తెచ్చెడిది. కొలదియేండ్లలో నలుగురు బిడ్డలు కలిగిరి. పుట్టినింటికి వేలమైళ్ళ దూరమున, తోడు లేని యా యిల్లాలికి బిడ్డలను నిద్రపుచ్చుచు పాడు పాటయే కాలక్షేపము.

ఆ పాటను భర్త వినెను. 1953లో పదునేడు డాలర్లు పెట్టి హార్మొనీ యను పేరుగల గిటారు నొకదానిని కొనితెచ్చి ఆమె చేతికిచ్చెను. నేర్పువారెవ్వరును లేరు. తానే మీటి, తానే స్వరములు వెదకికొని, క్రమముగా స్వంతపాటలు కట్ట నారంభించెను. కొన్నేండ్లకు భర్తయే ఆమెను ఊరి నాట్యశాలలకు గొనిపోయి, పాడింపుడని యజమానులను అడిగెను. సిగ్గరియగు నామెను వేదిక యెక్కించిన వాడతడే. అతడు దోషరహితుడు కాడు. త్రాగుబోతుతనమును, పరస్త్రీ వ్యామోహమును అతనియందుండెను. తగవులు తరచుగా జరుగుచుండెను. ఆమె వీనిని దాచలేదు. తన పాటలలోను, ఆత్మకథలోను స్పష్టముగా చెప్పినది. అయినను అతడు లేనిచో తాను గాయని నయ్యెడిదానను కానని కూడ చెప్పినది. ఈ రెండు మాటలును నిజమే.

టకోమా పట్టణమున బక్ ఓవెన్స్ అను గాయకుడు నడుపు టెలివిజన్ సభలో ఆమె పాడగా, కెనడా దేశపు వాంకూవరు నగరమున నున్న నార్మన్ బర్లీ యను నతడు విని సంతోషించి, ఖర్చు పెట్టుటకు ముందునకు వచ్చెను. అతని 'జీరో' కంపెనీ మిక్కిలి చిన్నది. 1960లో లాస్ ఏంజెలీసు ప్రాంతమునకు పోయి నాలుగు పాటలు ముద్రించిరి; నాలుగును ఆమె స్వయముగా కట్టినవే. వానిలో 'ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్' అనునది మొదటి ప్లేటుగా వెలువడినది.

పెద్ద కంపెనీకి దేశమంతట ఏజంట్లుందురు, దుకాణములుండును, పత్రికలలో ప్రకటనలుండును. చిన్న కంపెనీకి ఇవి యేవియు నుండవు. అట్టి లోటును ఈ దంపతులు తమ యొడలి కష్టముతో పూడ్చిరి. ప్లేటును ఆమె ఛాయాచిత్రముతో కూడ పొట్లము కట్టి, దేశములోని రేడియో కేంద్రముల కెల్ల టపాలో పంపిరి. తరువాత మోటారుబండిలో బయలుదేరి, దారిలో కనబడిన ప్రతి రేడియో కేంద్రము నెదుటను దిగి, ప్లేటు వేయుడని కోరిరి. రొట్టెముక్కలు తినుచు, బండిలోనే పండుకొనుచు వేలమైళ్ళు పోయిరి. ఆ కాలమున ఏ పాటను వినిపింపవలెనో చాలచోట్ల స్థానిక కేంద్రములోని ప్రసారకుడే నిర్ణయించెడివాడు. కనుకనే ముఖాముఖిగా అడిగినవారికి ఫలము దక్కినది. ఆ వేసవిలో ఆమె పాట 'బిల్‌బోర్డ్' పత్రిక ప్రకటించు కంట్రీ పాటల జాబితాలో 14వ స్థానమున కెక్కెను. అదే సంవత్సరము అక్టోబరు 15వ తేదీన గ్రాండ్ ఓల్ ఆప్రీలో మొదటిసారి పాడెను. 1962లో ఆ సభకు సభ్యురాలయ్యెను. బాల్యమున రేడియోలో విన్న సభలోనే తన కంఠము వినబడినది. గనికూలియగు తండ్రి మాత్రము దానిని వినలేదు. అతడు 1959లోనే మరణించెను.

నాష్విల్ నగరమున పాట్సీ క్లైన్ అను ప్రసిద్ధ గాయని ఆమెకు అక్కవలె తోడ్పడెను. 1963 మార్చిలో ఆ పాట్సీ విమానప్రమాదమున మరణించెను. 1964లో లొరెట్టాకు కవల ఆడుపిల్లలు కలుగగా, ఒకతెకు పాట్సీ యనియే పేరు పెట్టినది.

ఆమె పాటల వస్తువే ఆమె బలము. అంతకుముందు కంట్రీ పాటలలో స్త్రీ సాధారణముగా వేచియుండునది, లేదా ఏడ్చునది. లొరెట్టా పాటలోని యిల్లాలు ఎదురు మాటాడును. త్రాగి యింటికి రావలదని భర్తకు చెప్పు పాట 1967లో ఆమెకు మొదటిసారి ప్రథమస్థానమును తెచ్చిపెట్టినది. 1970లో వెలువడిన 'కోల్ మైనర్స్ డాటర్', అనగా 'బొగ్గుగని కూలివాని కూతురు' అను పాట, ఆమె బాల్యచరిత్రమే. తండ్రి కష్టము, తల్లి చాకిరి, కొండమీది గుడిసె అందు వర్ణితములు. ఆమె మొదట కట్టిన చరణములు ఎక్కువ కాగా, ముద్రణలో కొన్నిటిని తీసివేయవలసి వచ్చెను. ఆ పేరుతోనే 1976లో ఆత్మకథయు, 1980లో చలనచిత్రమును వచ్చినవి. వరుసకాన్పులతో అలసిన స్త్రీ గర్భనిరోధపు మాత్రను గూర్చి పాడు 'ది పిల్' అను పాట 1975లో వెలువడగా, అనేక రేడియో కేంద్రములు దానిని నిషేధించెను. అది ఇతరులు కట్టిన పాటయే యైనను, నలుగురు బిడ్డలను చిన్నవయస్సుననే కన్న తల్లి పాడుటచేత దానికి బలము హెచ్చినది.

ఇక ధనపు సంగతి. ప్లేటులో రెండు హక్కులు కలవు. పాటను కట్టినవారిది ఒకటి. ఆ కంఠమును ముద్రించిన కంపెనీది రెండవది. అమెరికా చట్టము ప్రకారము 1909 మొదలు 1977 వరకు, అమ్ముడుపోయిన ప్రతి ప్లేటునకును పాట యొక్కంటికి రెండు సెంట్లు రచన హక్కుగా చెల్లవలెను. అనగా నూరు ప్లేట్లు అమ్మినచో రెండు డాలర్లు. ఇందులో సగము రచయితకు, సగము ప్రచురణకర్తకు చేరుట వాడుక. రేడియోలో ప్లేటు వేసినపుడును ఆ దేశమున రచయితకు, ప్రచురణకర్తకు సొమ్ము ముట్టునే గాని పాడినవారికి ముట్టదు. నేటికిని సాధారణ రేడియో ప్రసారములకు ఇదే పద్ధతి. కనుక పాటను స్వయముగా కట్టువారికి కంఠముకంటె కలము ఎక్కువకాలము అన్నము పెట్టును; ప్రచురణహక్కు తనచేతిలోనే యున్నచో ఆ అన్నము రెట్టింపగును.

లొరెట్టా ఆ హక్కును తనచేతిలో నుంచుకొనలేకపోయినది. నాష్విల్ చేరిన క్రొత్తలో విల్‌బర్న్ సోదరులను గాయకులు ఆమెకు దారి చూపిరి. వారి ప్రయత్నము వలననే పెద్దదియగు డెక్కా కంపెనీలో ఆమెకు చోటు దొరకినది. కాని ఆమె పాటల ప్రచురణ హక్కు వారి సంస్థకు పోయినది. తరువాత ఆమె వారినుండి విడివడి, హక్కులకై చాలకాలము వ్యాజ్యమాడియు వానిని మరల పొందలేకపోయెను. క్రొత్తగా కట్టిన పాటలును వారికే చెందునను తలంపుతో, మంచి వయస్సులో నున్నపుడే పాటలు వ్రాయుట మానుకొనెను. విల్‌బర్న్ సోదరులు చేసిన మేలు నిజము. వ్రాలు చేసిన కాగితము ఆమె కలమును కట్టివేసిన మాటయు నిజము. పొలము కౌలునకు పుచ్చుకొనువాడు దస్తావేజులోని ప్రతిపంక్తియు చదివించుకొనునట్లే, పాట కట్టువాడును చదివించుకొనవలసియున్నది.

ఇంటిలో చెల్లించిన మూల్యము దీనికంటె పెద్దది. పేరు వచ్చినకొలది సంవత్సరములో ఎక్కువ దినములు ఊరూర తిరుగుచు బస్సులో గడపవలసి వచ్చెను. 1966లో టెన్నెసీ రాష్ట్రములోని హరికేన్ మిల్స్ అను గ్రామమున విశాలమైన యిల్లును భూమిని కొనిరి. కాని ఆ యింట నుండుటకు ఆమెకు తీరిక లేదు. పెద్ద బిడ్డలు నలుగురు పేదరికములో తల్లిచేతిమీద పెరిగిరి. కవలలు కలిమిలో, తల్లి యెడబాటుతో, ఎక్కువగా తండ్రి కనుసన్నలలో పెరిగిరి. బిడ్డల పెంపకమున తాను పోగొట్టుకొన్న దినములను గూర్చి ఆమె ఆత్మకథలో బాధతో వ్రాసికొనెను. 1984లో పెద్దకుమారుడు జాక్ బెన్నీ గుఱ్ఱముపై నది దాటబోయి మునిగి మరణించెను. 1996లో భర్త గతించెను. దాదాపు ఏబది యేండ్ల ఆ కాపురము, తగవులతోడనే, చివరివరకు నిలిచినది.

గౌరవములకు కొదువ లేదు. 1972లో కంట్రీ సంగీత సంఘమువారు ఆ యేటి యుత్తమ కళాకారిణిగా ఆమె నెన్నుకొనిరి. ఆ బహుమానము పొందిన మొదటి స్త్రీ యామెయే. 2004లో, డెబ్బది దాటిన తరువాత, మరల కలము పట్టి పాటలు కట్టి వెలువరించిన 'వాన్ లియర్ రోజ్' అను సంపుటమునకు రెండు గ్రామీ బహుమానములు వచ్చినవి. వాన్ లియర్ అనునది తండ్రి పనిచేసిన గనిప్రాంతపు పేరు. 2013లో దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకము లభించెను. 2017లో పక్షవాతము తగిలినను 2021లో మరియొక సంపుటమును వెలువరించి, 2022 అక్టోబరు 4వ తేదీన హరికేన్ మిల్స్ లోని తన యింటనే నిద్రలో కన్నుమూసెను.

నేడు పాట కట్టువారికి కంపెనీయొక్క అవసరము తగ్గినది. ఇంటిగదిలోనే పాటను ముద్రించి, ఇంటర్నెట్టు ద్వారా లోకమునకు వినిపింపవచ్చును. బిడ్డ నిద్రించిన గంటలో పని జరుగును. హక్కులును చేతిలోనే యుండును. ఇది గొప్ప సౌకర్యము. కాని పాట వినిపించినంతమాత్రమున కుటుంబము గడవదు; ఊరూర తిరిగి పాడుట నేటికిని తప్పలేదు. తల్లి ఊరు వెడలినపుడు బిడ్డకు అన్నము పెట్టువా రెవరను ప్రశ్నకు ఏ యంత్రమును సమాధానము చెప్పజాలదు. ఇంటివారే చెప్పవలెను.

కనుక ఇంట పాడగల కోడలో, కూతురో, కుమారుడో యున్నచో పెద్దలు చేయదగిన పనులు రెండు కనబడుచున్నవి. వ్రాలు చేయుటకు ముందు కాగితమును తెలిసినవారిచేత చదివించుట మొదటిది. పాడబోయిన దినమున పసిబిడ్డను ఎవరెత్తుకొందురో ముందుగానే యింటిలో నిశ్చయించుకొనుట రెండవది. లొరెట్టాకు గిటారు కొనియిచ్చిన చేయి దొరకినది. ఈ రెండు సహాయములు మాత్రము కావలసిన వేళకు కావలసినంత దొరకలేదు.