1,60,920 ఆపరేషన్లు చెప్పిన లెక్క

1998 నుంచి 2006 దాకా ఇంగ్లండ్‌లో పెద్దపేగు క్యాన్సర్ బయటపడి, అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవారు 1,60,920 మంది. వారిలో 6.7 శాతం మంది ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోపే చనిపోయారు. అంటే పది వేల మందికి పైగా. ఈవా మోరిస్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలోని అంకెలివి. మచ్చుకు కొన్ని ఆసుపత్రులను ఎంచుకోకుండా, దేశం మొత్తంలో ఆ ఆపరేషన్ జరిగిన వారందరినీ లెక్కలోకి తీసుకున్నారు. ఈ అధ్యయనం విలువంతా అక్కడే ఉంది.

ఇది ఎలా సాధ్యమైంది? ఇంగ్లండ్‌లో క్యాన్సర్ అని తేలిన ప్రతి మనిషి వివరమూ క్యాన్సర్ రిజిస్ట్రీకి చేరుతుంది. ఆసుపత్రిలో చేరితే, ఆపరేషన్ జరిగితే ఆ నమోదు ఇంకోచోట ఉంటుంది. మరణాల నమోదు మరోచోట. ఎన్‌హెచ్‌ఎస్‌లో నమోదైన ప్రతి ఒక్కరికీ ఉండే నంబరుతో ఈ మూడింటినీ కలిపితే, రోగి పేరు తెలియకుండానే అతని వైద్యం మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది.

ఆ 6.7 శాతాన్ని విడదీసి చూస్తే మనసు కలుక్కుమంటుంది. 80 ఏళ్లు దాటినవారిలో మరణాలు 15 శాతం. ఇతర జబ్బులు తీవ్రంగా ఉన్నవారిలో 24.2 శాతం. పేగు మూసుకుపోయో, చిల్లుపడో అత్యవసరంగా కోయాల్సి వచ్చినవారిలో 14.9 శాతం. అత్యంత పేద ప్రాంతాల్లో నివసించేవారిలో 7.8 శాతం. ఆసుపత్రి వైద్యానికి రోగి పైసా కట్టనక్కర్లేని దేశంలో కూడా పేదరికం ఆపరేషన్ బల్ల దాకా వెంట వచ్చింది.

మరి ఏ ఆసుపత్రి మంచిది, ఏది కాదు? ఇక్కడ తొందరపడితే తప్పు లెక్క వస్తుంది. ఏడాదికి 50 ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఉందనుకుందాం. ఒక ఏడు ముగ్గురు చనిపోతే 6 శాతం, మరుసటి ఏడు ఐదుగురు చనిపోతే 10 శాతం. అదే సర్జన్లు, అదే నర్సులు. ఇద్దరు మనుషుల తేడాకే శాతం అంత ఎగబాకింది. పైగా వృద్ధులు, పేదలు ఎక్కువగా ఉన్న ఊరి ఆసుపత్రిని, ఆరోగ్యవంతులైన సంపన్నుల ఊరి ఆసుపత్రితో ఉన్నపళంగా పోల్చడం అన్యాయం. అందుకే పరిశోధకులు వయసు, ఇతర జబ్బులు, క్యాన్సర్ దశ, పేదరికం, అత్యవసర ఆపరేషనా కాదా అన్నవన్నీ సరిచూసి, యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులకు హద్దులు గీసి, ఆ హద్దులు దాటిన ఆసుపత్రుల కోసమే వెతికారు. దేశమంతా గాలిస్తే, నిలకడగా సగటుకన్నా మెరుగైన ఫలితాలు సాధించిన ట్రస్టు (ఆసుపత్రులను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ) ఒకటి, నిలకడగా వెనకబడినవి మూడు తేలాయి. మిగతా తేడాల్లో చాలావాటిని ఆ హద్దుల లోపలి హెచ్చుతగ్గులుగానే చూడాలి. ఆసుపత్రుల ర్యాంకుల పట్టిక చూసి భయపడేవారు, మురిసిపోయేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరణాలు పెద్ద విషయమే కానీ, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బతికినవారి లెక్క. మలాశయంలో క్యాన్సర్ వస్తే కొందరికి మలద్వారాన్ని కూడా తీసేసి, పొట్టకు శాశ్వతంగా సంచి అమర్చాల్సి వస్తుంది. ఎవరికి తప్పదు, ఎవరికి తప్పించవచ్చు అన్నది కణితి ఎంత కిందికి ఉందన్నదానితో పాటు సర్జన్ నైపుణ్యం మీదా ఆధారపడుతుంది. మరో అధ్యయనంలో 1998 నుంచి 2004 దాకా చూస్తే, ఆ ఆపరేషన్ చేసిన రేటు కొన్ని ట్రస్టుల్లో 10 శాతం లోపు, మరికొన్నిచోట్ల 50 శాతం పైన. కణితులు ఊరిని బట్టి అంతగా మారవు. జీవితాంతం సంచితో గడపాలా వద్దా అన్నది మనిషి ఏ పిన్‌కోడ్‌లో ఉంటాడన్నదాన్ని బట్టి తేలడం ఏ ప్రజావైద్య వ్యవస్థకూ తగదు.

కాలేయం సంగతి ఇంకా బాధాకరం. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకితే ఇక చేసేదేమీ లేదని ఒకప్పుడు అనుకునేవారు. కొందరిలో ఆ భాగాన్ని కోసి తీసేయవచ్చు. ఇంకో అధ్యయనంలో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన 1,14,155 మంది రోగుల వివరాలు చూస్తే, కాలేయానికి అలాంటి ఆపరేషన్ అందినవారు 2.7 శాతం మాత్రమే. రోగి మొదట వెళ్లిన ఆసుపత్రిని బట్టి ఈ వాటా 0.7 నుంచి 6.8 శాతం దాకా మారింది. ఆపరేషన్ అందినవారిలో 44.2 శాతం మంది ఐదేళ్ల తర్వాతా బతికి ఉన్నారు. క్యాన్సర్ కాలేయం దాకా పాకని మూడో దశ రోగులతో దాదాపు సమానమైన ఫలితమిది. వారు ఆపరేషన్‌కు తగినవారిగా ఎంపికైనవారే, అందరికీ ఇది వర్తించదు. అయినా, కాలేయ సర్జన్‌కు ఒకసారి చూపించి ఉంటే బాగుండేదన్న సంగతే తెలియకుండా పోయినవారు ఎంతమందో. వారి తరఫున ఫిర్యాదు చేసేవారు ఉండరు. దేశవ్యాప్త లెక్క ఒక్కటే వారిని చూపగలదు.

పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ విషయంలోనూ ఇలాగే లెక్క తీశారు. ఆ పరీక్ష చేయించుకున్నవారిలో తేలిన క్యాన్సర్లలో, ఏమీ లేదని చెప్పి పంపాక 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు బయటపడిన కేసుల వాటా 2005లో 9 శాతం, 2013 నాటికి 6.5 శాతం. లక్షణాలు లేనివారిలోనూ ఈ క్యాన్సర్ కోసం వెతికే జాతీయ స్క్రీనింగ్ పథకంలో కొలనోస్కోపీ చేసేవారికి ప్రత్యేక శిక్షణ, పరీక్ష తప్పనిసరి. అక్కడ ఆ వాటా 3.6 శాతమే. నైపుణ్యం కొలవదగినదనీ, నేర్పదగినదనీ దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు జాతీయ పెద్దపేగు క్యాన్సర్ ఆడిట్ ట్రస్టుల పేర్లతోనే ఫలితాలను ప్రకటిస్తోంది.

అయితే పెద్ద తేడా ఆసుపత్రి గుమ్మం దాకా రాకముందే మొదలవుతుంది. మొదటి దశలో దొరికితే పదిమందిలో తొమ్మిది మంది ఐదేళ్లకు పైగా బతుకుతారు. నాలుగో దశలో దొరికితే ఒక్కరు. తొందరగా పట్టుకునే మలపరీక్ష కిట్టు నిర్ణీత వయసువారందరి ఇళ్లకూ ఉచితంగా పోస్టులో వస్తుంది. స్క్రీనింగ్ పథకం మొదలైన 2006 నుంచి తొలి రెండేళ్ల పైచిలుకు కాలంలో, సంపన్న ప్రాంతాల్లో 61 శాతం మంది దాన్ని నింపి తిప్పి పంపారు. అత్యంత పేద ప్రాంతాల్లో 35 శాతమే. వివిధ జాతులవారు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోనూ స్పందన తక్కువే.

2019లో వచ్చిన కొత్త కిట్టుకు పాతదానిలా పలుమార్లు నమూనా తీయనక్కర్లేదు, ఒక్కసారి చాలు. దాంతో స్పందన పెరిగింది. ఆ తర్వాత కిట్టు అందే వయసును 60 నుంచి అంచెలంచెలుగా 50కి తగ్గించారు. 2000 ప్రాంతంలో ఐటీ ఉద్యోగాలకూ వైద్యవృత్తికీ ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోకి అడుగుపెడుతున్నారు. జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదై ఉంటే చాలు, అడగకుండానే రెండేళ్లకోసారి కవరు వస్తుంది. నమూనా పంపాక ఫలితం ఉత్తరంలో తెలియజేస్తారు. మలంలో రక్తం జాడలు హద్దుకు మించి ఉంటే తదుపరి పరీక్షకు పిలుస్తారు.