డ్యాష్‌బోర్డ్ అంతా గ్రీన్... మరి మీ యాప్ ఎందుకు తిరుగుతూనే ఉంది?

"అన్నా, మైక్రోసర్వీసెస్ అంటే చెప్పావు, క్లౌడ్ అంటే చెప్పావు. మరి అవన్నీ బాగా నడుస్తున్నాయో లేదో కంపెనీ వాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

ఒక సీన్ ఊహించుకోండి. షాపులో క్యూఆర్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు. స్క్రీన్ మీద ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. డబ్బులు కట్ అయ్యాయో లేదో తెలీదు. షాపతను మీ వంక చూస్తున్నాడు, వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. సరిగ్గా అదే టైమ్‌లో ఆ యాప్ కంపెనీ ఆఫీసులో, గోడ మీద పెద్ద స్క్రీన్‌లో గీతలన్నీ పచ్చగా ఉండొచ్చు. మీరు చూస్తున్నదీ నిజమే, వాళ్లు చూస్తున్నదీ నిజమే. ఇది ఎలా సాధ్యమో అర్థమైతే మానిటరింగ్ సగం వచ్చేసినట్టే.

ముందు ఒక చిన్న లెక్క. ఫుడ్ ఆర్డర్ యాప్ తీసుకోండి. లాగిన్‌కి ఒక సర్వీస్, మెనూకి ఒకటి, ధర లెక్కకి ఒకటి, పేమెంట్‌కి ఒకటి, డెలివరీకి ఒకటి... ఒక్క ఆర్డర్ వెనకాల పది సర్వీసులు పనిచేస్తాయి అనుకుందాం. ఒక్కోటి 99.9 శాతం టైమ్ బాగుంటుంది. వినడానికి అదిరిపోయింది కదా? 30 రోజుల నెలలో ఒక్కో సర్వీస్ దాదాపు 43 నిమిషాలు మాత్రమే పడుకుంటుంది. కానీ ఆర్డర్ పూర్తవ్వాలంటే పదీ ఒకేసారి బాగుండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడైతే, 0.999ని పదిసార్లు గుణించండి, 99 శాతం వస్తుంది. అంటే నెలకి ఏడు గంటలు! ఏ టీమ్‌ని అడిగినా "మాది 99.9" అనే అంటారు. అబద్ధం కాదు. కానీ యూజర్ వాడేది ఒక సర్వీస్‌ని కాదు, మొత్తం గొలుసుని.

ఇప్పుడు అందరూ చేసే పని ఏంటంటే, మెషీన్‌ని చూడటం. సీపీయూ ఎంత, మెమొరీ ఎంత, డిస్క్ ఎంత. ఇవి కావాలి, కాదనను. కానీ ఇవే చాలనుకుంటే దెబ్బ తింటాం. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఒక సాయంత్రం పేమెంట్లు ఆగిపోయాయి. సర్వర్ల సీపీయూ చూస్తే 20 శాతం దగ్గరుంది. మెమొరీ ఓకే. "మా సైడ్ అంతా ఓకే" అని మెసేజ్ కూడా వెళ్లింది. అసలు సంగతి ఏంటంటే, పేమెంట్ సర్వీస్ డేటాబేస్‌తో మాట్లాడటానికి 50 కనెక్షన్లు పెట్టారు. ఒక క్వెరీ బాగా స్లో అయింది. అది అవసరమైన ప్రతి రిక్వెస్టూ ఒక కనెక్షన్ పట్టుకుని కూర్చుంది. కాసేపటికి 50 అయిపోయాయి, మిగతా రిక్వెస్టులన్నీ లైన్లో. సీపీయూ ఖాళీగా ఉంది అంటే ఆరోగ్యంగా ఉందని కాదు. ఎవరూ పని చెయ్యట్లేదు, అందరూ ఎదురు చూస్తున్నారు కాబట్టి ఖాళీగా ఉంది.

మరి ఏం చూడాలి? గూగుల్ ఇంజినీర్లు 2016లో సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ అనే పుస్తకం తెచ్చారు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా చదువుకోవచ్చు. అందులో నాలుగు గోల్డెన్ సిగ్నల్స్ అని చెప్తారు. మన టిఫిన్ సెంటర్‌లో పెట్టి చూద్దాం.

ఒకటి, లేటెన్సీ. టోకెన్ ఇచ్చాక దోసె చేతికి రావడానికి ఎంతసేపు పట్టింది?

రెండు, ట్రాఫిక్. నిమిషానికి ఎన్ని టోకెన్లు వస్తున్నాయి?

మూడు, ఎర్రర్స్. మసాలా దోసె అడిగితే ఊతప్పం వచ్చిందా, మాడిపోయి వచ్చిందా, అసలు రాలేదా? ఇక్కడ ఒక మెలిక ఉంది. సర్వర్ 200 అని సక్సెస్ కోడ్ పంపి, లోపల ఖాళీ పేజీ ఇచ్చినా అది ఎర్రరే. ప్లేటు వచ్చింది కానీ దోసె లేదు.

నాలుగు, శాచురేషన్. పెనం మీద ఇంకెన్ని దోసెలకి చోటుంది? ఇందాకటి కథలో 50 కనెక్షన్లే పెనం. దాన్ని ఎవరూ కొలవలేదు.

స్టవ్ బాగా మండుతోంది కాబట్టి హోటల్ బాగా నడుస్తోంది అని ఎవరైనా అంటారా? సీపీయూ ఒక్కటే చూడటం అలాంటిదే.

లేటెన్సీ దగ్గర ఇంకో పెద్ద గొయ్యి ఉంది. దాని పేరు యావరేజ్. 1000 రిక్వెస్టులు వచ్చాయి. 950కి 100 మిల్లీసెకన్లలో జవాబు వెళ్లింది. మిగతా 50కి 8 సెకన్లు పట్టింది. యావరేజ్ ఎంత? 495 మిల్లీసెకన్లు. అర సెకను కూడా లేదు! బాస్‌కి చూపిస్తే సూపర్ అంటాడు. కానీ అర సెకను పట్టినవాడు ఆ వెయ్యిమందిలో ఒక్కడు కూడా లేడు. 950 మంది హ్యాపీ, 50 మంది ఫోన్ విసిరికొట్టే మూడ్‌లో ఉన్నారు. అందుకే పర్సెంటైల్ చూస్తారు. పీ50 అంటే సగం మందికి ఇంతలోపు అయిపోయింది అని. పీ99 అంటే 100లో 99 మందికి ఇంతలోపు అయిపోయింది అని. మన ఉదాహరణలో పీ50 100 మిల్లీసెకన్లు, పీ99 8 సెకన్లు. నిజం ఇప్పుడు బయటపడింది.

"100లో ఒక్కడే కదా లేటు, పోనీలే" అనుకుంటున్నారా? మైక్రోసర్వీసెస్‌లో అలా కుదరదు. 2013లో జెఫ్ డీన్, లూయిజ్ బరోసో రాసిన ఒక పేపర్‌లో ఈ లెక్క ఉంది. ఒక్కో సర్వర్ 100లో ఒక్కసారే స్లో అయినా, ఒక రిక్వెస్ట్ అలాంటి 100 సర్వర్ల జవాబు కోసం ఆగాల్సి వస్తే, 63 శాతం రిక్వెస్టులు స్లో అవుతాయి. పది సర్వర్లే అనుకున్నా 100లో దాదాపు పది. చివర్లో ఉన్న ఆ ఒక్కడే అందరినీ ఆపేస్తాడు.

సరే, స్లో అని తెలిసింది. పదింటిలో ఎవరు స్లో? ఇక్కడ మూడు సాధనాలు. మెట్రిక్స్ అంటే అంకెలు, "ఏదో తేడా ఉంది" అని చెప్తాయి. లాగ్స్ అంటే ప్రతి సర్వీస్ రాసుకునే డైరీ, "ఇక్కడ ఇది జరిగింది" అని చెప్తాయి. ట్రేస్ అంటే పార్సిల్ ట్రాకింగ్ నంబర్ లాంటిది. రిక్వెస్ట్ లోపలికి రాగానే దానికో నంబర్ ఇస్తారు. ఏ సర్వీస్‌లోకి వెళ్లినా ఆ నంబర్ వెంట వెళ్తుంది, ఎంతసేపు ఆగిందో నమోదవుతుంది. గూగుల్ తన డాపర్ సిస్టమ్ గురించి 2010లో పేపర్ వేశాక ఈ పద్ధతి బాగా పాకింది. ఇప్పుడు ఓపెన్‌టెలిమెట్రీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఈ మూడింటికీ ఒకే భాష ఇస్తోంది. మెట్రిక్స్‌కి ప్రొమీథియస్ వాడతారు. సౌండ్‌క్లౌడ్‌లో 2012లో మొదలైన టూల్ ఇది. ప్రతి సర్వీస్ దగ్గరికీ కొన్ని సెకన్లకోసారి తనే వెళ్లి "నీ అంకెలు చెప్పు" అని తెచ్చుకుంటుంది. గ్రాఫులు గీయడానికి గ్రఫానా.

క్లౌడ్‌లో ఇంకో సంగతి. ఇక్కడ సర్వర్లు శాశ్వతం కాదు. రద్దీ పెరిగితే కొత్తవి పుడతాయి, తగ్గితే పోతాయి. అందుకే కుబర్నెటిస్ ప్రతి కంటైనర్‌ని రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతుంది. "బతికే ఉన్నావా?" ఇది లైవ్‌నెస్. వరుసగా జవాబు రాకపోతే రీస్టార్ట్ చేస్తుంది. "పనికి రెడీయా?" ఇది రెడీనెస్. లేదంటే రీస్టార్ట్ చెయ్యదు, ట్రాఫిక్ పంపడం ఆపుతుంది, అంతే. ఈ రెండూ కలిపేస్తే ప్రమాదం. డేటాబేస్ కాస్త స్లో అయింది అనుకోండి. మీరు లైవ్‌నెస్ చెక్‌లో డేటాబేస్‌ని పెట్టారు. అంతే, బాగున్న కంటైనర్లన్నీ వరుసపెట్టి రీస్టార్ట్. చిన్న జలుబుకి ఇంట్లో అందరినీ ఐసీయూలో వేసినట్టు.

తర్వాత అలర్టులు. సీపీయూ 80 దాటితే అలర్ట్, మెమొరీ 70 దాటితే అలర్ట్ అని పెట్టుకుంటూ పోతే రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. వారం తర్వాత ఆన్-కాల్‌లో ఉన్నతను సైలెంట్‌లో పెట్టి పడుకుంటాడు. నిజంగా కొంప అంటుకున్న రోజు కూడా ఆ మోత అలాగే వినిపిస్తుంది. కాబట్టి రూల్ ఒకటే. మనిషిని నిద్ర లేపాలంటే రెండు ఉండాలి: యూజర్‌కి ఇప్పుడు నొప్పి ఉండాలి, లేచినవాడు ఇప్పుడే చెయ్యాల్సిన పని ఉండాలి. మిగతావన్నీ పొద్దున్న ఆఫీస్‌కి వచ్చి చూసుకోవచ్చు.

చివరిది, చాలామంది మర్చిపోయేది. కొలిచే సాధనం కొలవబడే దాని మీదే ఆధారపడకూడదు. ఫిబ్రవరి 28, 2017న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ ఎస్3 పడిపోయింది. కారణం ఒక కమాండ్‌లో తప్పుగా టైపైన ఇన్‌పుట్, తీయాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసింది. తమాషా ఏంటంటే, "మా సర్వీస్ బాలేదు" అని చూపించాల్సిన స్టేటస్ పేజీని మార్చే సిస్టమ్ కూడా ఎస్3 మీదే ఆధారపడింది. దాంతో మొదటి రెండు గంటలు ఒక్కో సర్వీస్ స్టేటస్‌ని మార్చలేకపోయారు. ట్విటర్‌లో, పేజీ మీద ఒక బ్యానర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. 2021 అక్టోబర్ 4 రాత్రి మన వాట్సాప్, ఇన్‌స్టా ఆగిపోవడం గుర్తుందా? అప్పుడు కూడా ఫేస్‌బుక్ సొంత నెట్‌వర్క్ పడిపోయి, రిపేర్‌కి వాడే లోపలి టూల్స్ కూడా చాలావరకు పనిచెయ్యలేదు. అందుకే బయట వేరే చోట నుంచి, వేరే నెట్‌వర్క్ మీద, మామూలు యూజర్‌లాగే లాగిన్ అయి ఆర్డర్ పెట్టి చూసే చిన్న రోబో ఒకటి ఎప్పుడూ ఉండాలి. దాన్ని సింథటిక్ మానిటరింగ్ అంటారు.

బీటెక్‌లో ఉన్నవాళ్లకి ఒక హోంవర్క్. ల్యాప్‌టాప్‌లో డాకర్‌తో రెండు చిన్న సర్వీసులు రాయండి, ఒకటి ఇంకోదాన్ని పిలవాలి. ప్రొమీథియస్, గ్రఫానా తగిలించండి. రెండో సర్వీస్‌లో 100లో 5 రిక్వెస్టులకి కావాలనే 3 సెకన్ల ఆలస్యం పెట్టండి. యావరేజ్, పీ50, పీ99 మూడు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెజ్యూమేలో "మానిటరింగ్ తెలుసు" అని రాయడం కంటే, ఇంటర్వ్యూలో ఆ మూడు గీతలు ఎందుకు విడిపోయాయో చెప్పగలగడం వంద రెట్లు నయం.

ఇంకా చదువుకునే స్టేజ్‌లో ఉన్నా, ఉద్యోగంలో ఉన్నా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొత్త సర్వీస్ రాసినప్పుడు "సర్వర్ ఎలా ఉంది?" కంటే ముందు "వాడుతున్నవాడు ఎలా ఉన్నాడు?" అని కొలిచే గ్రాఫ్ ఒకటి పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ట్రేసింగ్‌ని లైవ్‌గా కోడ్ రాసి చూపిస్తాను. అప్పటిదాకా ఆ హోంవర్క్ కానివ్వండి. బై.