నడుముకు బలం: పిలాటీస్ వ్యాయామం



నడుము నొప్పి ఎరుగని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే గుమాస్తాలకూ, గంటల తరబడి నిలబడి పాఠం చెప్పే మాబోటి ఉపాధ్యాయులకూ, ఇంటిపనిలో వంగి లేచే ఇల్లాళ్లకూ అది తెలిసిన బాధే. నొప్పి రాగానే మంచం దిగకుండా ఉండటమే మందు అని చాలామంది అనుకుంటారు. సరిగ్గా కదలడం నేర్చుకుంటే నడుమే బలపడుతుందని నమ్మి, ఆ నమ్మకానికి జీవితమంతా ధారపోసినవాడు జోసెఫ్ పిలాటీస్. నగరాల్లో ఇప్పుడు వినిపిస్తున్న పిలాటీస్ వ్యాయామానికి ఆ పేరు ఆయననుంచే వచ్చింది.

ఆయన 1883లో జర్మనీలోని మొంషెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో ఉబ్బసంతో, ఎముకల బలహీనతతో బాధపడ్డారని చెబుతారు. పట్టుదలతో వ్యాయామం చేసి ఒంటిని గట్టిపరచుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం 1914లో మొదలయ్యేనాటికి ఆయన ఇంగ్లండులో ఉన్నారు. జర్మన్ దేశస్థుడు కాబట్టి అక్కడి ప్రభుత్వం నిర్బంధించింది. మాన్ ద్వీపంలోని నాకలో శిబిరంలో 20,000 మందికి పైగా బందీల నడుమ ఆయన కూడా కాలం గడిపారు. అక్కడ తోటి బందీల చేత వ్యాయామం చేయించేవారనీ, మంచం పట్టిన రోగుల కోసం మంచానికే స్ప్రింగులు బిగించి పడుకునే కాళ్లూ చేతులూ ఆడించేలా చేశారనీ అంటారు. తరవాతి కాలంలో ఆయన తయారుచేసిన వ్యాయామ పరికరాల్లో స్ప్రింగులదే ముఖ్యమైన పాత్ర.

1920ల నడుమ ఆయన అమెరికా చేరి, భార్య క్లారాతో కలిసి న్యూయార్క్‌లో వ్యాయామశాల నడిపారు. దెబ్బలు తగిలిన నృత్య కళాకారులు అక్కడికి వచ్చేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు ‘కంట్రాలజీ’, అంటే అదుపు శాస్త్రం. 1945లో వచ్చిన పుస్తకంలో 34 వ్యాయామాలు వివరించారు. వాటికి పరికరం అక్కరలేదు, నేలమీద ఒక పరుపు చాలు. ఆయన 1967లో కన్నుమూశారు.

ఇక ఈ పద్ధతి కిటుకు ఏమిటో చూద్దాం. మన పొట్టలో, పైకి కనిపించే కండరాల అడుగున, నడుము చుట్టూ పట్టీలా అల్లుకున్న కండరం ఒకటుంది. బాలింతలకు కట్టే నడికట్టు లాంటిదే అది, కాకపోతే పుట్టుకతో వచ్చినది. వెన్నును ఆనుకున్న చిన్న కండరాలూ, కటి అడుగు కండరాలూ దానికి తోడు. ఇవి నీరసిస్తే భారమంతా వెన్నుమీద పడుతుంది. పిలాటీస్ వీటికే పని చెబుతుంది. యోగాసనంలో సాధారణంగా ఒక భంగిమలో కాసేపు నిలుస్తాం. ఇందులో ఊపిరి లెక్కకు తగినట్టు కదులుతూ ఉంటాం. ఎన్నిసార్లు చేశామన్నదానికంటే ఎంత శుద్ధంగా చేశామన్నదే లెక్క. నిదానమే ప్రధానం.

మీరూ ఒకటి చేసి చూడండి. చాపమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. పక్కటెముకలు విచ్చుకునేలా ముక్కుతో గాలి పీల్చండి. నోటితో మెల్లగా వదులుతూ బొడ్డు కింది భాగాన్ని వెన్నువైపు కొద్దిగా లాగి, ఒక పాదాన్ని జానెడు ఎత్తండి. నడుము కదలకూడదు. మళ్లీ గాలి పీలుస్తూ దించండి. ఒక్కో కాలికి అయిదుసార్లు చాలు. ఊపిరి బిగపట్టకండి.

దీనివల్ల మేలెంత? దీర్ఘకాలపు నడుము నొప్పిపై జరిగిన 10 అధ్యయనాలను, అంటే మొత్తం 510 మంది అనుభవాన్ని, 2015లో కోక్రేన్ పరిశోధకులు పరిశీలించారు. ఏమీ చేయనివారితో, నామమాత్రపు చికిత్స పొందినవారితో పోలిస్తే పిలాటీస్ చేసినవారికి నొప్పి తగ్గింది. అయితే ఇతర వ్యాయామాలకన్నా ఇదే గొప్పదని తేలలేదు. కనుక ఇప్పటికే నడకో, ఆసనాలో చేస్తూ సుఖంగా ఉన్నవారు వాటిని మానుకోనక్కరలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదొక మంచి దారి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎముకలు గుల్లబారినవారూ, గర్భిణులూ, ఈమధ్య శస్త్రచికిత్స జరిగినవారూ వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు. నడుము నొప్పితోపాటు కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా వ్యాయామం జోలికి పోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, 2000లో అమెరికా న్యాయస్థానం పిలాటీస్ అన్న పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని తీర్పు చెప్పింది. అక్కడ ఎవరైనా ఆ పేరుతో బోర్డు కట్టవచ్చు. మన ఊళ్లలోనూ బోర్డు చూసి మురిసిపోక, నేర్పేవారు ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారో అడిగి తెలుసుకోండి.

ఖరీదైన పరికరాలు లేవని వెనకాడకండి. ఒక చాప, పది నిమిషాల తీరిక, ఊపిరిమీద ధ్యాస ఉంటే రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు. మీ నడుము చల్లగా ఉండాలని కోరుతూ, సెలవు.