మిక్సీ గోడు ఫేస్‌బుక్‌లో పెడితే...

కొన్న నెలకే మిక్సీ మొరాయిస్తే మీరేం చేస్తారు? కంపెనీకి ఫోన్ చేసి ఆ పాట వింటూ కూర్చుంటారు. నేనూ వారం రోజులు అదే చేశాను. చివరికి మా అమ్మాయి ఆ కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో, కొత్త మోడల్ ప్రకటన కిందే, నా గోడంతా రాసిపెట్టింది. గంటలో జవాబొచ్చింది! కొనబోయేవాళ్లు చూస్తారని భయం మరి. "వివరాలు మెసేజ్‌లో పంపండి" అన్నారు. అంటే గొడవ చాటుకి తీసుకెళ్లడమన్నమాట.

అసలు సంగతి ఆ తర్వాతే. కంపెనీ బొమ్మే పెట్టుకుని ఇంకొకడూ జవాబిచ్చాడు. ఇలా మన ఫిర్యాదుల కోసమే కాచుక్కూర్చునే దొంగలుంటారు. డబ్బు వాపసిస్తాం, లింకు నొక్కి యూపీఐ పిన్ కొట్టండి అన్నాడు. కొట్టబోయాను సుమండీ! అమ్మాయి ఫోన్ లాక్కుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, మన ఖాతాలోంచి పోవడానికే కావాలి.

ఫోన్ నంబరు, బిల్లు నంబరు అందరికీ కనబడేలా రాయకండి. కంపెనీ నంబరు వారంటీ కార్డు మీద చూసుకోండి, గూగుల్లో దొరికిందల్లా నమ్మకండి. కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బే పోతే మాత్రం వెంటనే 1930కి చేయాలి. త్వరగా చెబితే ఆ సొమ్ము దొంగ చేతికి చేరకుండా ఆపే అవకాశం ఉంటుంది. మా ఇంట్లో ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద, పాల లెక్క పక్కనే అంటించాను.